తోలు బ్రీఫ్‌కేసు గట్టితనం ఎక్కడ ఉంటుంది

మా నాన్నగారు న్యాయవాది. 1980ల మధ్యలో హైదరాబాద్ ఆబిడ్స్‌లో కొన్న తోలు సంచి ఒకటి చేతపట్టుకుని ఆయన ముప్పై ఏళ్లకు పైగా మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టుకు వెళ్లివచ్చారు. దానికి మూతపట్టీ రెండుసార్లు, తాళం ఒకసారి మార్చారు. ఇప్పుడది నా దగ్గర ఉంది. నేను కొన్నేళ్ల కిందట నగరంలోని ఒక పెద్ద మాల్‌లో కొనుక్కున్న సంచి మీద బంగారు రంగులో ‘జెన్యూన్ లెదర్’ అని ముద్ర ఉంది. రెండో వానాకాలం ముగిసేసరికి దాని పైపొర రేకులు రేకులుగా లేచిపోయి, లోపలి నుంచి బట్టలాంటి పదార్థం బయటపడింది. రెండింటినీ తోలు సంచులనే అమ్మారు. ఒకటి నలభై ఏళ్లకు దగ్గరవుతూ నిలిచి ఉండడానికీ, మరొకటి రెండేళ్లకే పాడైపోవడానికీ కారణం ధరలోనో, కంపెనీ పేరులోనో వెతికితే దొరకదు. పచ్చి చర్మాన్ని కుళ్లకుండా దేనితో పదును చేశారు, అందులో ఏ పొరను వాడారు, ఏ వైపు నుంచి కోశారు, దారాన్ని ఎలా నడిపారు అన్న ప్రశ్నలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. వాటిని విడదీస్తే తప్ప ‘అసలైన తోలేనా’ అని అంగట్లో మనం అడిగే ప్రశ్నకు అర్థం ఉండదు.

మొదట చర్మానికీ తోలుకూ ఉన్న తేడా చూడాలి. దీనికి మన కళ్ల ముందే మంచి ఉదాహరణ ఉంది. డప్పు కొట్టేవాళ్లు మొదలుపెట్టే ముందు మంట వేసి డప్పును కాచుకోవడం మనందరం చూసినదే. డప్పుకు బిగించేది పదును చేయని పచ్చి చర్మం. అది గాలిలోని తేమను పీల్చుకుని వదులవుతుంది, వేడి తగలగానే తేమ పోయి బిగుసుకుంటుంది. తోలుబొమ్మలకు వాడే మేక చర్మం కూడా అటువంటిదే. దానిని శుభ్రం చేసి, గీకి, ఆరబెడతారు తప్ప పదును చేయరు. అందుకే దీపపు వెలుగు దానిలోంచి ప్రసరిస్తుంది. పేరు తోలుబొమ్మే అయినా, ఈ వ్యాసంలో వాడుతున్న అర్థంలో అది తోలు కాదు. అటువంటి చర్మంతో సంచి కుడితే వానకు మెత్తబడి, ఎండకు అట్టలా బిగుసుకుని, చివరకు కుళ్లిపోతుంది.

పచ్చి చర్మంలో సుమారు 60 నుంచి 65 శాతం నీరే ఉంటుంది. మిగిలినదానిలో ముఖ్యమైనది కొల్లాజెన్ అనే మాంసకృత్తి. అది సన్నని పోగులుగా, ఒకదానిలో ఒకటి చిక్కుకున్న నారలా అల్లుకుని ఉంటుంది. నీరు పోగానే ఈ పోగులు ఒకదానికొకటి అతుక్కుని చర్మం గట్టి అట్ట అవుతుంది, నీరు నిలిస్తే సూక్ష్మజీవులు వాటిని తినేస్తాయి. పోగుల మధ్య చేరి, వాటిని అతుక్కోనివ్వకుండా, కుళ్లనివ్వకుండా పట్టి ఉంచే పదార్థాన్ని ఎక్కించడమే పదును చేయడం, అంటే టానింగ్. మనిషి దీనికి వేల ఏళ్లుగా చెట్ల బెరడునూ కాయలనూ వాడాడు. దక్కన్‌లో ఆ చెట్టు తంగేడు. బతుకమ్మలో మొదటి వరుసలో పేర్చే పూలనిచ్చే తంగేడు, తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు, తోలును పదును చేసే టానిన్ అనే పదార్థాన్ని తన బెరడులో దాచుకుని ఉంది. సున్నంతో వెంట్రుకలు వదిలించి, మాంసం గీకిన తోలును తంగేడు చెక్క, అంటే బెరడు, నానిన లంద అనే తొట్టిలో ఊరవేసి, చివర కరక్కాయ నీటితో మెరుగుపెట్టడం మన ఊళ్లలో తరతరాలుగా సాగిన పద్ధతి. దేశంలో చాలాచోట్ల ఇంకొక పద్ధతి కూడా ఉండేది. తోలునే సంచిలా కుట్టి, అందులో చెక్కనూ నీటినీ నింపి చెట్టుకు వేలాడదీసేవారు. కషాయం లోపలి నుంచి బయటికి మెల్లగా ఊరుతూ తోలంతా పాకేది.

ఈ పని చేసినవారు మాదిగలు. ఏ తోలుకు ఎంత చెక్క పట్టాలో, ఎన్నాళ్లు ఊరాలో, ఏ ఎండకు ఎంతసేపు ఆరాలో చేతి స్పర్శతో చెప్పగలిగిన రసాయన విజ్ఞానం వాళ్లది. కరెంటు మోటార్లు రాకముందు పొలాలకు నీరు తోడిన మోటకు తోలు బొక్కెన కుట్టింది వాళ్లే. బండెడు నీటి బరువు రోజంతా లాగినా కుట్టు విడకూడదు, చుక్క కారకూడదు. అన్నం పండించిన ఆ కుట్టును చేసిన చేతులను ఊరి బయట ఉంచిన అన్యాయం మన చరిత్రలో ఉంది. ఈ రోజు మనం గాజు అద్దాల దుకాణాల్లో ‘హ్యాండ్‌క్రాఫ్టెడ్’ అన్న మాటను గౌరవంగా పలుకుతున్నప్పుడు ఆ గౌరవం మొదట ఎవరికి చెందాలో మరిచిపోకూడదని నా నమ్మకం.

పందొమ్మిదో శతాబ్దం చివర పరిస్థితి మారింది. 1884లో అమెరికాలో అగస్టస్ షుల్ట్జ్ క్రోమియం లవణాలతో తోలును పదును చేసే విధానానికి పేటెంటు పొందాడు. 1893లో మార్టిన్ డెన్నిస్ దానిని ఒకే తొట్టి పనిగా సులభం చేశాడు. లందలో వారాలు, నెలలు పట్టే పని తిరిగే పీపాలో ఒకటి రెండు రోజుల్లో పూర్తి కావడం మొదలైంది. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే తోలులో అధికభాగం క్రోమియంతో చేసినదే. ఇందులో మోసమేమీ లేదు. క్రోమ్ తోలు మెత్తగా, తేలికగా ఉంటుంది, మరిగే నీటి వేడికి కూడా సులభంగా ముడుచుకుపోదు, వాన చినుకులకు మచ్చపడదు. బెరడు చెక్కతో చేసిన తోలులో (దీన్నే చెక్క తోలు అందాం) మొత్తం బరువులో పావు వంతు దాకా టానిన్లే ఉండవచ్చు కాబట్టి అది బరువుగా, బిరుసుగా ఉంటుంది. తడిపి వంచితే వంచిన ఆకారంలోనే నిలుస్తుంది. వాడేకొద్దీ రంగు ముదిరి, చేయి తగిలే చోట నునుపు తేలుతుంది. అందువల్ల చేతి సంచి మెత్తగా ఒరిగి ఉండాలంటే క్రోమ్ తోలు సరైనది, నిటారుగా నిలిచి కాగితాల మూలలను మడతపడనివ్వని బ్రీఫ్‌కేసుకు చెక్క తోలు సరైనది. ఒకటి గొప్పదీ, ఇంకొకటి తక్కువదీ అని చెప్పడం సరికాదు.

చెక్క తోలంటే పర్యావరణానికి మేలు, క్రోమ్ అంటే విషం అన్న ప్రచారం కూడా సగం నిజమే. తోలులో ఉండే క్రోమియం మూడు సంయోజకత గల రూపం (క్రోమియం-3). ప్రమాదకరమైనది ఆరు సంయోజకత గల రూపం (క్రోమియం-6). పని సరిగా చేయకపోతే మొదటిది కొంత రెండోదిగా మారవచ్చు కాబట్టి ఐరోపా సమాఖ్య 2015 నుంచి చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో ఈ రెండోదానికి కిలోకు 3 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. నిజమైన సమస్య మురుగునీటిలో ఉంది. తమిళనాడులో పాలారు నదిని తోలు పరిశ్రమలు పాడుచేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు, కాలుష్యం చేసినవాడే నష్టం భరించాలన్న సూత్రాన్ని దేశ చట్టంలో భాగంగా ప్రకటించింది. ఆ మురుగులో క్రోమియంతో పాటు ఉప్పూ, సున్నమూ, సల్ఫైడ్లూ ఉంటాయి. ఈ ఉప్పూ సున్నమూ సాధారణంగా రెండు పద్ధతుల్లోనూ వాడేవే. లేబుల్ మీద ఉన్న పద్ధతి పేరు కంటే, ఆ పరిశ్రమ తన నీటిని ఏం చేస్తుందన్నదే ఇక్కడ అడగవలసిన ప్రశ్న.

ఇప్పుడు నా మాల్ సంచి దగ్గరకు వద్దాం. పశువు తోలు మందంగా ఉంటుంది, దానిని యంత్రంతో అడ్డంగా పొరలుగా చీలుస్తారు. వెంట్రుకలు ఉన్న వైపు పొరలో పోగులు చాలా దగ్గరగా, గట్టిగా అల్లుకుని ఉంటాయి. దీని పైముఖాన్ని గీకకుండా అలాగే ఉంచితే ఫుల్ గ్రెయిన్ అంటారు, మచ్చలూ గీతలూ పోయేలా పైపైన రుద్ది రంగుపూత వేస్తే కరెక్టెడ్ గ్రెయిన్ అంటారు. కింది వైపు చీల్చిన పొర స్ప్లిట్. అందులో పోగుల అల్లిక వదులుగా ఉంటుంది, పైముఖం ఉండదు. దాని మీద ప్లాస్టిక్ పొర అతికించి, రంధ్రాల అచ్చు కొట్టి, చూడటానికి మంచి తోలులా చేయవచ్చు. ఇంకా కిందికి దిగితే, తోలు ముక్కలను పొడిచేసి జిగురుతో కలిపి రేకుగా వత్తి, పైన పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పూత వేసిన బాండెడ్ లెదర్ ఉంది. ఆ పూత తేమా వేడీ కలిసిన గాలిలో నెమ్మదిగా విచ్ఛిన్నమవుతుంది. నా సంచికి పట్టిన గతి అదే. ఇక తోలు అసలే లేని రెగ్జిన్ సంగతి అందరికీ తెలిసిందే.

‘జెన్యూన్ లెదర్’ అన్నది తోలులో అన్నింటికంటే తక్కువ రకం పేరని చాలామంది చెబుతుంటారు. అది కూడా అపోహే. అది రకం పేరు కాదు. ఇందులో తోలు ఉంది అన్న వ్యాపారి మాట మాత్రమే. ఉత్తమమైన ఫుల్ గ్రెయిన్ మీదా ఆ ముద్ర వేయవచ్చు, పూత వేసిన స్ప్లిట్ మీదా వేయవచ్చు. అందువల్ల ముద్రను వదిలిపెట్టి సంచి అంచును చూడాలి. మూత లోపలి అంచు, పట్టీ చివర, తాడు దూరే రంధ్రం వంటి కోసిన చోట తోలు మందం కనబడుతుంది. అక్కడ పైనుంచి కిందికి ఒకటే పోగుల అల్లిక కనబడితే అది తోలు. పైన సన్నని రబ్బరులాంటి గీత, కింద వేరే రంగు పదార్థం కనబడితే పూత మందమని అర్థం. అన్ని అంచులనూ లోపలికి మడిచి, కోసిన చోటు ఎక్కడా కనబడకుండా దాచారంటే అది తప్పనిసరిగా మోసమని కాదు, మెత్తని క్రోమ్ తోలుతో చేసే పనిలో అంచులు మడవడం ఒక మంచి పద్ధతే. అయితే అప్పుడు అమ్మేవాళ్లను అడగక తప్పదు.

అంచు గురించి ఇంకొక మాట ఉంది. చెక్క తోలు అంచును మూలలు చెక్కి, తడిపి, నున్నని కర్రతో గట్టిగా రుద్దితే పోగులు అణిగి గాజులా మెరుస్తాయి. క్రోమ్ తోలు అంచు ఎంత రుద్దినా అలా అణగదు, దానికి రంగు పూయాలి లేదా మడవాలి. కాబట్టి రంగు పూయకుండానే నిగనిగలాడే అంచు కనబడితే, లోపలి తోలు ఏదో సగం తెలిసిపోయినట్టే. ఇనుము మరొక పరీక్ష. టానిన్‌కు ఇనుము తగిలితే నల్లబడుతుంది. కరక్కాయలో తడిపిన బట్ట మీద ఇనుపనీటితో కలంకారీ కళాకారులు నల్లగీత గీసేది ఈ గుణం ఆధారంగానే. చెక్క తోలు సంచికి ఇనుప రివిట్లు వేస్తే చెమటకూ వానకూ వాటి చుట్టూ నల్లటి వలయాలు పడతాయి. పాతకాలపు పనివాళ్లు ఇత్తడినీ రాగినీ పట్టుబట్టి వాడినదానికి అందంతో పాటు ఈ కారణం కూడా ఉంది.

కోత గురించి క్లుప్తంగా చెబుతాను. పశువు వీపు వెంట, తుంటి దగ్గర తోలు దట్టంగా ఉంటుంది, పొట్ట దగ్గర వదులుగా ఉండి సాగుతుంది. భుజానికి వేసుకునే పట్టీని వెన్నెముకకు సమాంతరంగా కోయాలి. పొట్ట వైపు నుంచి కోసిన పట్టీ బరువుకు సాగి, ఏడాది తిరగకుండానే సంచి మోకాలి దాకా దిగుతుంది. ఒక తోలులో మంచి భాగం కొంతే కాబట్టి, జాగ్రత్తగా కోసేవాడు చాలా భాగాన్ని లోపలి అరలకూ చిన్న పర్సులకూ పక్కన పెట్టేస్తాడు. చేతిపని సంచి ఖరీదులో కనబడని పెద్ద భాగం ఈ పక్కన పెట్టినదే.

ఇక కుట్టు. కుట్టుమెషీన్ రెండు దారాలతో పనిచేస్తుంది. పైదారం ఎప్పుడూ పైనే ఉంటుంది, కిందిదారం ఎప్పుడూ కిందే ఉంటుంది, రెండూ తోలు మందం మధ్యలో ఒకదానినొకటి మెలివేసి పట్టుకుంటాయి. పైదారం ఒకచోట అరిగి తెగితే, దానిని ఆసరా చేసుకున్న కిందిదారానికి పట్టు పోతుంది, లాగేకొద్దీ పక్క కుట్లు కూడా వదులవుతాయి. గుర్రపు జీనులు చేసేవాళ్ల కుట్టు వేరు. దానిని ఇంగ్లీషువాళ్లు శాడిల్ స్టిచ్ అంటారు, మనం జీనుకుట్టు అనుకుందాం. ఒకటే దారం, దాని రెండు కొసలకూ రెండు సూదులు. ప్రతి రంధ్రంలోంచీ ఒక సూది ఇటు నుంచి అటూ, ఇంకొక సూది అటు నుంచి ఇటూ పోతాయి. అంటే ప్రతి రంధ్రంలో రెండు పోగులు ఎదురెదురుగా దాటుకుని ఉంటాయి. ఒక పోగు తెగినా రెండోది తన పట్టును వదలదు, మైనం పట్టించిన దారం కాబట్టి తెగిన కొస కూడా రంధ్రంలో జారకుండా అతుక్కుని ఉంటుంది. ఈ కుట్టును చేసే మెషీన్ లేదు, ఎందుకంటే దారం మొత్తం పొడవునూ ప్రతి రంధ్రంలోంచీ ఈడ్చాలి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. చేతితో కుట్టినదంతా జీనుకుట్టు కాదు. మొజంజాహీ మార్కెట్ పక్క వీధిలో తోలు సంచులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నప్పుడు నాకు ఇది స్పష్టమైంది. ఆయన ముందు తోలు కోసే రంపె, రంధ్రాలు పొడిచే రెండు రకాల ఆరెలు, మైనం ముద్ద, నున్నబడిన ఒక చెక్క మొద్దు ఉన్నాయి. ఒక ఆరె కొసన చిన్న కొక్కెం ఉంది. చెప్పు అడుగులోకి దానిని గుచ్చి, లోపలి దారాన్ని కొక్కేనికి తగిలించి పైకి లాగి, ఆ మెలికలోంచి రెండో కొసను దూర్చి బిగించాడు. కళ్లముందే చేతితో కుడుతున్నా, దారం నడక మెషీన్ కుట్టుదే. అయితే సంచికి అలాగే కుట్టవచ్చుగదా తాతా అని అడిగాను.

“చెప్పుకు కొక్కెం ఆరె సరిపోతది బిడ్డా, లోపలికి సూది పోదు గద. సంచికి రెండు సూదులు పెట్టాలె. ఒక పోగు తెగినా ఇంకో పోగు పట్టుకొని ఉంటది” అన్నాడాయన.

ఒక మామూలు బ్రీఫ్‌కేసును లెక్కకు తీసుకుందాం. 40 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు. ముందు పలకనూ వెనుక పలకనూ పక్క గోడకు కలిపే కుట్లు రెండు. ఒక్కొక్కటి ఒక పక్క నుంచి దిగి, అడుగున సాగి, రెండో పక్క ఎక్కుతుంది కాబట్టి 100 సెంటీమీటర్లు, రెండూ కలిపి 200. కుట్టుకూ కుట్టుకూ 4 మిల్లీమీటర్ల ఎడం పెడితే 500 రంధ్రాలు. ప్రతి రంధ్రాన్నీ ఆరెతో ఒకే వాలులో పొడిచి, రెండు సూదులూ దాటించి, రెండు చేతులతో ఒకే బలంతో బిగించడానికి అర నిమిషం వేసుకున్నా నాలుగు గంటలు దాటుతుంది. కుట్టు పొడవుకు నాలుగు రెట్లు దారం కావాలి. చేతులు చాచినంత మేరకే దారం లాగగలరు కాబట్టి ఒక బారెడు దారంతో నలభై సెంటీమీటర్లు కుట్టి, కొన్ని కుట్లు వెనక్కు వచ్చి ముగించి, మళ్లీ కొత్త దారం ఎక్కించాలి. ఇది పక్కల లెక్క మాత్రమే, పిడీ, మూతా, పట్టీలూ, అరలూ ఇంకా మొదలే కాలేదు. ఎక్కువ కుట్లుంటే ఎక్కువ బలమని కూడా అనుకోకూడదు. రంధ్రాలు మరీ దగ్గరైతే తోలు తపాలా బిళ్ల అంచులా ఆ గీత వెంటే చిరుగుతుంది. పలుచని పర్సుకు సన్నని కుట్టు, మందమైన సంచికి వెడల్పు కుట్టు సరైనవి.

సంచి అంతటా జీనుకుట్టే ఉండాలని నేను పట్టుబట్టను. లోపలి అరలకు, అస్తరుకు, బరువు పడని చోట్లకు మంచి నైలాన్ దారంతో వేసిన మెషీన్ కుట్టు చక్కగా సరిపోతుంది. బరువంతా పడేది పిడి మొదళ్ల దగ్గర, భుజంపట్టీ ఉంగరాల దగ్గర, అడుగు మూలల దగ్గర. ల్యాప్‌టాప్, ఛార్జరు, కాగితాలు కలిపి అయిదు కిలోలుంటే, బస్సు ఎక్కే తొందరలో ఒక్కసారి గుంజినప్పుడు ఆ మొదళ్ల మీద పడే లాగుడు అంతకంటే చాలా ఎక్కువ. అక్కడ చేతికుట్టు ఉందా లేదా అన్నది చూస్తే చాలు. కుట్ల గీతను రెండు వైపులా గమనించాలి. రెండు వైపులా చిన్న వాలుతో, దారం ఉబ్బుగా కనబడితే నమ్మవచ్చు. ముందువైపు వాలుగా ఉండి, వెనుకవైపు బల్లపరుపుగా చుక్కల్లా కనబడితే అది చాలావరకు మెషీన్ పని.

హైదరాబాద్ వాతావరణం ఈ సంచులకు రెండు రకాలుగా పరీక్ష పెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండకు తోలులోని తేమ ఆవిరై, మడతల దగ్గర పగుళ్లు వస్తాయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా బీరువాలో పెట్టిన సంచికి తెల్లటి బూజు పడుతుంది. సంచిని ప్లాస్టిక్ కవరులో చుట్టిపెట్టడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. లోపలి తేమ బయటికి పోక బూజును అదే పెంచుతుంది. పాత నూలు చీర ముక్కలో చుట్టి, గాలి ఆడే చోట పెట్టాలి. తడిస్తే నీడలో ఆరనివ్వాలి తప్ప ఎండలోనో, పొయ్యి దగ్గరో పెట్టకూడదు. మన పెద్దలు కిర్రుచెప్పులకు ఆముదం రాసేవారు. పూత లేని చెక్క తోలుకు ఏడాదికి ఒకటి రెండుసార్లు, బట్టకు అద్ది ఒక పలుచని పొర రాస్తే చాలు. రంగుపూత మందంగా ఉన్న తోలు నూనెను తాగదు, అది పైన జిడ్డుగా నిలిచి దుమ్ము పట్టిస్తుంది.

నాన్నగారి సంచికి తెగిన పక్క కుట్టు బాగుచేయించడానికే నేను ఆ పెద్దాయన దగ్గరకు వెళ్లాను. దారం అరిగింది సుమారు రెండున్నర అంగుళాల మేర, అడుగు మూల నుంచి పైకి. బల్ల మీద రాసుకుపోయే చోటది. ఆ భాగంలో బయట కనబడే కుట్లు తెగిపోయి ఉన్నాయి, లోపలివైపు కుట్లు మైనం పట్టుతో ఇంకా పట్టుకునే ఉన్నాయి. ఆయన పాత దారాన్ని రంపె కొసతో ఒక్కొక్క పోగుగా తీసి, రంధ్రాల్లో పేరుకున్న దుమ్మును ఆరెతో మెల్లగా తుడిచాడు, కొత్తగా ఎక్కడా పొడవలేదు. దారానికి మైనం పట్టించి రెండు సూదులు ఎక్కించాడు. తెగిన చోటుకు మూడు రంధ్రాల ముందు నుంచి మొదలుపెట్టి, మూడు రంధ్రాలు దాటాక, వెనక్కు రెండు కుట్లు వేసి ముగించాడు. తర్వాత చెక్క మొద్దు అంచుతో కుట్టును అదిమి, వేలితో ఒకసారి నిమిరి నా చేతికిచ్చాడు. ఇంటికి వచ్చి లెక్కపెట్టాను. కొత్త దారం నడిచిన రంధ్రాలు ఇరవై రెండు, అన్నీ నలభై ఏళ్ల కిందట వేరొకరి చేతి ఆరె పొడిచినవే.